వినడం నేర్చిన మనిషి

ఆ ఎండాకాలమంతా మా వీధిలో మధ్యాహ్నం పూట బండలు పేల్చారు. ముందు ఈల వినిపించేది. ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి వీధి మొదట్లో నిలబడి స్కూటర్లను ఆపేవాడు. నేను వంటింట్లో గాజుగ్లాసుల గూటికి చెయ్యి అడ్డంపెట్టి నిలబడేదాన్ని. కాళ్ల కింద నేల ఉలిక్కిపడినట్టయ్యేది, కిటికీ ఊచలు సన్నగా మోగేవి, ఆ తరవాత అంతా మామూలే. తొంభై ఆరు నాటికి ఫిల్మ్‌నగర్‌లో ఇంకా ఇళ్లకంటే బండలే ఎక్కువ. నాలుగు రోజులు పోతే అలవాటవుతుందన్నారు మా ఆయన. నాకు కాలేదు.

అంతకుముందు ఏడాదే ఆయన ఉద్యోగానికి స్వచ్ఛందంగా నమస్కారం పెట్టి బయటికొచ్చారు. పేరు కాశీవిశ్వనాథం. చాలా ఏళ్లు ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సొనెల్ ఆఫీసరు. పై అధికారుల కోపతాపాల వల్ల కింది మనుషులు ఎలా నలిగిపోతారో రోజూ చూసిన మనిషి. బొంబాయి వెళ్లి ఏదో కోర్సు చేసి, అట్టపెట్టె నిండా ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని, ఎగ్జిక్యూటివ్ కోచ్ అని కార్డులు అచ్చువేయించుకున్నారు. ఆ కార్డు మొదట మా ఇంటి ఓనరు పట్టాభిరామయ్య గారికే ఇచ్చారు.

"కోచ్ అంటే ఏ ఆటండీ? క్రికెట్టా?" అన్నారాయన కళ్లజోడు సవరించుకుంటూ.

"ఆట కాదండీ. కంపెనీలు నడిపే పెద్దవాళ్లకి మనుషులతో ఎలా మెలగాలో నేర్పుతాను."

"అది రాకుండానే వాళ్లు అంత పెద్దవాళ్లెలా అయ్యారండీ?"

మా ఆయన నవ్వేశారు. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా రోజులు మనసులో మెదులుతూనే ఉంది.

నేను శ్రీనగర్ కాలనీలో ఒక స్కూల్లో తెలుగు టీచర్ని. పిల్లలు లేరు మాకు. ఆయన కొత్త పనిలో పడ్డాక ఇంట్లో మాటల తీరే మారిపోయింది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడికి నిజం చెప్పేవాడు ఉండడు హైమా, అనేవారు. వాడు మాట్లాడటం మానేసి వినడం మొదలుపెడితే కింద వందమంది హాయిగా నిద్రపోతారు, అనేవారు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లు పాతికేళ్ల కుర్రాడి కళ్లలా ఉండేవి. నేను కాదనలేకపోయేదాన్ని.

ఆయనకు దొరికిన మొదటి పెద్దమనిషి వీరరాఘవయ్య గారు.

జూబ్లీహిల్స్‌లో కొండమీద ఇల్లు, ఆ కొండకింద స్టూడియో. అందరూ దాన్ని పాత స్టూడియో అనేవాళ్లు. ఒకప్పుడు మద్రాసు నుంచి సినిమావాళ్లు ఇటు తరలివస్తున్న రోజుల్లో వీరరాఘవయ్య గారే షేక్‌పేట నుంచి మనుషుల్ని పిలిపించి, బండలు కొట్టించి, దాన్ని కట్టించారు. పని అయ్యాక వాళ్లలో చాలామందిని అక్కడే సెట్లు వేసే పనిలో పెట్టుకుని, వెనక గోడ పక్కన రేకుల గదులు వేయించి ఉండమన్నారు. వాళ్లకి అక్కడే పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఇప్పుడు ఆ నేలను ఎవరికో అమ్ముతున్నారని, గదులు ఖాళీ చెయ్యాలని కబురు వచ్చింది. ఉగాది వెళ్లిన మర్నాటి నుంచి వాళ్లంతా స్టూడియో గేటుకి అడ్డంగా టెంటు వేసుకుని కూర్చున్నారు. వీరరాఘవయ్య గారు గేటు దగ్గరికి వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టి, ఒక ముసలాయన మీద చెయ్యిచేసుకున్నారు. అది పేపర్లో పడింది. అప్పుడు ఆయన ఆడిటరు ఎవరో మా ఆయన కార్డు ఆయన చేతిలో పెట్టారు.

రోజూ పొద్దున్నే కారు వచ్చి మా ఆయన్ని తీసుకెళ్లేది. పదింటికల్లా తిరిగొచ్చి, కాఫీ తాగుతూ ఆ రోజు పాఠం నాకు చెప్పేవారు.

"ఇవాళ డ్రైవరుతో పావుగంట మాట్లాడించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు తెలుసా. ఆ మనిషిలో నేను అనుకున్నదానికంటే చాలా ఉంది హైమా. ఇంత త్వరగా నేర్చుకునేవాణ్ణి నేను ఫ్యాక్టరీలో ఒక్కణ్ణి చూడలేదు."

"ఎందుకంత త్వరగా నేర్చుకుంటున్నారు?" అన్నాను.

"అదేం ప్రశ్న?"

నిజమే, అదేం ప్రశ్నో నాకూ తెలియదు. 

ఏప్రిల్ నెల చివర్లో ఒకరోజు వీరరాఘవయ్య గారే మా ఇంటికొచ్చారు. మా ఆయన బజారుకెళ్లారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వేలికి పగడపుటుంగరం. పేపర్లో చదివిన మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు. మంచినీళ్లు ఇస్తే రెండు చేతులతో అందుకున్నారు. మీది ఏ ఊరమ్మా అన్నారు. కాకినాడ దగ్గరన్నాను. విశ్వనాథం గారు ఉద్యోగం మానేస్తానంటే మీకు భయం వెయ్యలేదా అన్నారు. లేదండీ అన్నాను.  తల కొద్దిగా వంచి, నా వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో కూర్చోలేక, వేసిందండీ అన్నాను. ఇక అక్కణ్ణుంచి నోరు ఆగలేదు. మా తమ్ముడితో మాటలు లేకపోవడం, పిల్లలు కలగనందుకు అత్తగారన్న మాట, రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం, ఇవన్నీ, నేను మా ఆయనకైనా పూర్తిగా చెప్పని సంగతులు, ఆ మనిషి ముందు పోశాను. ఆయన మధ్యమధ్యలో నా మాటే నాకు తిరిగి అప్పజెప్పారు. "అంటే అప్పుడు మీకు ఎవరూ లేరనిపించింది." అంతే. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

ఆయన వెళ్లాక ఆ గ్లాసు రెండుసార్లు కడిగాను. ఎవరో ఇంట్లో జొరబడి, బీరువాలో చీరలన్నీ తీసి చూసి, మళ్లీ మడతలు నలక్కుండా పెట్టి వెళ్లినట్టుంది. పోయిందేమీ లేదు. అదే బాగాలేదు.

మా ఆయన వచ్చాక చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా? నువ్వే చెప్పేశావంటే ఇంక ఎవరు చెప్పరు?"

"నాకు భయం వేసిందంటున్నానండీ."

"మనల్ని ఎవరైనా నిజంగా వింటే మొదట్లో అలాగే ఉంటుంది. మనకి అలవాటు లేదు కదా."

మే నెల మొదటి వారంలో కొమురమ్మ మా ఇంటికొచ్చింది. గేటు దగ్గర కూర్చున్నవాళ్లకి ఆమే పెద్ద. నలభై దాటిన మనిషి, సెట్లకి ప్లాస్టరు కలిపీ కలిపీ వేళ్లు తెల్లగా పాలిపోయాయి. వెంట వెంకటరామయ్య అనే ముసలాయన ఉన్నాడు. వీరరాఘవయ్య గారు చెయ్యిచేసుకున్నది ఆయన మీదే. లోపలికి రమ్మంటే ఆమె గడపలోనే కూర్చుంది.

"సారు, రోజు పొద్దుగాల నువ్వు ఆయనతోని కూసుంటవు గదా. నిన్న గేటుకాడికి వచ్చిండు. గీ ముసలాయన కాళ్లు పట్టుకున్నడు, తప్పయింది అన్నడు. అందరు మా ఇంటికి రాండ్రి, పెద్దోళ్లు చిన్నోళ్లు అందరు, ఒక్కొక్కరి మాట వింట అన్నడు. మాకేమో సమజ్ అయితలేదు. మనిషి మారిండా, లేకుంటే నాటకమా? నువ్వు జెప్పు. నీ మాట మీద పోతం."

మా ఆయన కొంచెంసేపు ఆలోచించారు. ఆ ఆలోచనలో మోసం లేదు. నేను పక్కనే ఉన్నాను, ఆయన ముఖం నాకు తెలుసు.

"మారారమ్మా," అన్నారు. "వింటారు. అందులో నాకు అనుమానం లేదు. నేనూ అక్కడే ఉంటాను."

"గేటు ఖాళీ పెట్టి రావాల్నా?" అన్నాడు వెంకటరామయ్య.

"వాళ్లలో కొందరు అక్కడే ఉంటే మంచిదేమోనండీ," అన్నాను నేను. మా ఆయన నా వైపు చురుగ్గా చూశారు.

"అందర్నీ పిలిచింది ఎందుకు హైమా? ఒక్కరు రాకపోయినా, నా మాట వినలేదని వాళ్లు తరవాత అనరూ? నమ్మకం అనేది సగం సగం ఉండదు."

కొమురమ్మ నా వైపు చూసింది. నా దగ్గర చూపించడానికేమీ లేదు, ఒక మధ్యాహ్నం వేసిన భయం తప్ప. "నాకైతే కొంతమందిని ఉంచాలనే ఉంది," అన్నాను మళ్లీ. ఆమె లేచి కొంగు దులుపుకుంది. "ఇద్దరు ముసలోళ్లని ఉంచుత అమ్మా. మిగిలినోళ్లం వస్తం."

ఆ ఆదివారం పొద్దున్నే అందరూ కొండెక్కి వచ్చారు. ఆడవాళ్లు తలలు దువ్వుకుని, పెట్టెలో చీరలు తీసి కట్టుకున్నారు. పెళ్లికి వచ్చినట్టే ఉంది. ఆడవాళ్లకి తోడుగా ఉండమని మా ఆయన అడిగితే నేనూ వెళ్లాను. నిజానికి అడక్కపోయినా వెళ్లేదాన్నే.

వీరరాఘవయ్య గారి ఇంట్లో సొంత ప్రివ్యూ థియేటర్ ఉంది. సినిమా పూర్తయ్యాక పంపిణీదార్లకి చూపించే హాలు. గోడలకి దళసరి బట్ట, మెత్తకట్టిన బరువైన తలుపు, లోపల ఏసీ. చెప్పులన్నీ వరండాలో విడిచి లోపలికెళ్లారు. తలుపు మూయగానే బయట కాకుల అరుపు కత్తిరించినట్టు ఆగిపోయింది. చలికి ముసలమ్మలు కొంగు కప్పుకున్నారు. ఆయన భార్య శారదాదేవి గారు మజ్జిగ గ్లాసులు పంచి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయారు.

వీరరాఘవయ్య గారు కుర్చీలో కూర్చోలేదు. తెరముందు మెట్టుమీద, అందరికంటే కింద, కూర్చున్నారు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచారు. ఎవరు ఏ సినిమా సెట్టుకి పనిచేశారో గుర్తుచేశారు. ఒకామె తన బిడ్డ జ్వరంతో పోయిన రాత్రి గురించి చెబుతుంటే తల వంచుకుని వింటూనే ఉన్నారు. "ఆ రాత్రి నన్ను లేపడానికి మీరు భయపడ్డారు," అన్నారు చివరికి. ఆమె ఏడ్చింది. గోడ పక్కన నిలబడ్డ మా ఆయన కళ్లు తడిశాయి. ఎవరికీ తొందర లేదు. ఒకరయ్యాక ఒకరు లేచారు. ఆయన ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. నేనే చూస్తూ కూర్చున్నాను.

కూజాలో నీళ్లయిపోతే నేను లేచి బయటికొచ్చాను. నడవాలో శారదాదేవి గారు ఒంటరిగా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచారు.

"ఎందుకొచ్చావమ్మా బయటికి? లోపల చల్లగా ఉందిగా."

"మంచినీళ్లకండీ."

"నేను పంపిస్తాను. నువ్వు వెళ్లు. లోపలే ఉండు." ఆమె చెయ్యి నా భుజం మీద పడింది. అది చల్లగా, చెమటగా ఉంది.

అప్పుడు వినిపించింది. బండలు పేల్చే చప్పుడనుకున్నాను మొదట. కాని ఈల వినబడలేదు, చప్పుడు ఆగనూ లేదు. ఆమె చెయ్యి తప్పించుకుని వరండా చివరికి వెళ్లాను. కొండకింద స్టూడియో అంతా కనిపిస్తోంది. గేటు బార్లా తీసి ఉంది. వెనక గోడ పొడవునా దుమ్ము లేచి నిలబడింది. ఆ దుమ్ములో రెండు పసుప్పచ్చ యంత్రాలు ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. రేకుల కప్పులు ఉండాల్సినచోట కప్పులు లేవు.

కూజా అక్కడే దింపి వెనక్కొచ్చాను. థియేటర్ తలుపు రెండు చేతులతో లాగి తెరిచాను. తెరిచి, మూయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను.

కొమురమ్మ మాట్లాడుతోంది. "గోడ కూలిన ఏడు నువ్వే వచ్చి రేకులు ఏయించినవ్ సారు. అప్పుడు నువ్వేమన్నవ్..." అంటూ ఆగిపోయింది. నా వెనక నుంచి ఆ చప్పుడు లోపలికొచ్చింది. రేకు నలిగే చప్పుడు అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు.

వీరరాఘవయ్య గారు కదల్లేదు. చూపు కొమురమ్మ మీంచి తిప్పలేదు.

"చెప్పమ్మా. ఆగావేం?" అన్నారు మెల్లగా.

ఎవరూ కేకలు వెయ్యలేదు. కొమురమ్మ లేచి నడిచింది. ఆమె వెనక అందరూ లేచారు. గుమ్మం దాటాక పరుగెత్తారు. వరండాలో విడిచిన చెప్పులు ఒక్కరూ తొడుక్కోలేదు. ఎండకి కాలుతున్న ఆ రోడ్డుమీద, పిల్లల్ని చంకనెత్తుకుని, కొండ దిగిపోయారు.

హాల్లో మేం ముగ్గురం మిగిలాం. మా ఆయన గోడకి ఆనుకుని ఉన్నారు. 

"మాటిచ్చారు కదండీ."

"ఏమని ఇచ్చాను విశ్వనాథం గారూ? వింటానన్నాను. విన్నాను." ఆయన మెట్టుమీంచి లేచి మోకాళ్లు రాసుకున్నారు. "ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. గేటు దగ్గరున్న ఆ ఇద్దర్నీ కారెక్కించి కాఫీ హోటలుకి తీసుకెళ్లమన్నాను. పాత వీరరాఘవయ్య అయితే ఎన్ని తలలు పగిలేవో. అంతా మీ చలవే."

ఆయన వెటకారంగా అనలేదు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఇంకొంచెం ఉంటే ఆయన మా ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకునేవారే.

చెప్పులన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని ఆటోలో నేను స్టూడియోకి వెళ్లాను. వెనక గోడ మొదట్నుంచి చివరిదాకా గదుల సామాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. గిన్నెలు గిన్నెల పక్కన, పరుపులు చుట్టచుట్టి, కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, దేవుడి పటాలు గోడకి నిలబెట్టి. ఒక్కటి పగల్లేదు. అంత జాగ్రత్తగా తీసి సర్దాలంటే ఎంతసేపు పడుతుందో అప్పుడు అర్థమైంది. అందుకే ఒక్కొక్కరినీ అంత ఓపిగ్గా విన్నారు.

కొమురమ్మ తన సామాన్ల పక్కన నిలబడి ఉంది. నేను సంచి దింపితే అందులోంచి తన చెప్పులు వెతికి తీసుకుని తొడుక్కుంది. 

"మా ఇంట్లో కారు షెడ్డు ఖాళీగా ఉంది," అన్నాను. "మాకు కారు లేదు. వానలొచ్చేదాకా కాదు, ఎన్నాళ్లైనా ఉండు."

"నీ మొగుడేమంటడు?"

"నేను చెబుతున్నాను."

ఆ సాయంత్రానికి ఆమె, ఇంకో రెండు కుటుంబాలు మా షెడ్డులోకి వచ్చాయి. మిగిలినవాళ్లు కృష్ణానగర్ గల్లీల్లో కిరాయి గదులకి కొందరు, షేక్‌పేట చుట్టాల ఇళ్లకి కొందరు చెదిరిపోయారు. పట్టాభిరామయ్య గారు వచ్చి షెడ్డు వైపు చూసి, మజ్జిగ తాగి, సరేనన్నట్టు తలూపి వెళ్లారు.

మా ఆయన పోలీస్ స్టేషనుకి వెళ్లారు. వీరరాఘవయ్య గారు మాటతప్పారని చెప్పారట. ఏం మాట అని అడిగితే, వింటానన్న మాట అని చెప్పాల్సి వచ్చిందట. ఖాళీ గదులు కూల్చారు, మనుషులకేం కాలేదు, స్థలం ఆయనది, మీరెవరు అన్నారట. తిరిగొచ్చి మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నారు.

"నాకు తెలీదు హైమా."

"తెలీదని నాకు తెలుసండీ."

"మరి అలా చూస్తావేం?"

నేనెలా చూస్తున్నానో నాకు తెలియలేదు.

ఆ తరవాత ఫోన్లు మొదలయ్యాయి. సిమెంటు ఫ్యాక్టరీ ఆయన ఒకరు, బేగంపేటలో ఆస్పత్రి ఉన్నాయన ఒకరు, బస్సుల కంపెనీ ఇంకొకరు. వీరరాఘవయ్య గారు చెప్పారండీ, అంత పెద్ద గొడవ చెయ్యెత్తకుండా తేల్చేశారట, మా దగ్గరా చిన్న సమస్య ఉంది, అనేవాళ్లు. మా ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. ఊళ్లో లేరని నేనే చెప్పేదాన్ని. పుస్తకాలు మళ్లీ అట్టపెట్టెలో పెట్టి మంచం కిందికి తోశారు. పొద్దున్నే షెడ్డు ముందు నుంచి వెళ్లాల్సి వస్తుందని వీధి గుమ్మం వైపే రావడం మానేశారు. పాలప్యాకెట్టుకి కూడా వెనక తలుపులోంచి వెళ్లి చుట్టు తిరిగొచ్చేవారు. నా పక్కన కూర్చుని భోంచేస్తూ, ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందనేవారు. 

ఒకసారి మాత్రం అడిగారు. "నేను నేర్పింది తప్పా?"

"మంచిదే నేర్పారు," అన్నాను. "ఎందుకు నేర్చుకుంటున్నారో అడగాల్సింది."

"అడిగితే చెబుతారా?"

నేను లేచి కంచాలు తీశాను.

జూన్‌లో స్కూళ్లు తెరిచారు. మొదటి వాన పడిన సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి కొమురమ్మ దండెం మీది బట్టలు లాగుతోంది. షెడ్డువాళ్లవి, మావి, అన్నీ ఒకే తాడు మీద ఆరేసి ఉన్నాయి. గాలికి సగం బురదలో పడుతున్నాయి. నేను బ్యాగు అరుగుమీద పడేసి అటు పరుగెత్తాను. అప్పుడు మా ఆయన బయటికొచ్చారు. ఎన్ని వారాల తరవాతో, వీధి గుమ్మం లోంచి. వానలో నిలబడి, "కొమురమ్మా," అన్నారు. ఇంకేదో అనబోతున్నారు. దాన్ని ఆయన ఎన్నాళ్ల నుంచో కూడదీసుకుంటున్నారని నాకు అర్థమైంది.

"జర పక్కకు జరుగు సారు, బట్టలు తడుస్తున్నయ్," అంది ఆమె.

ఆయన జరగలేదు. తాడు చివర నుంచి తనే బట్టలు తియ్యడం మొదలుపెట్టారు. లంగాలు, పంచెలు, చిన్నపిల్లల జుబ్బాలు, ఏది ఎవరిదో చూడకుండా చేతిమీద వేసుకుంటున్నారు.  వాన జోరందుకుంది. ఆయన ముఖంలో ఏదో సడలింది. నాకు గుండెలో కాస్త తేలికైన మాట నిజం.

ఇంట్లో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

ఆయన తలుపు వైపు చూశారు. ఊళ్లో లేరని చెప్పమంటారేమోనని నేను కొంగుతో చేతులు తుడుచుకుంటున్నాను. ఆయన తన చేతిమీది బట్టలన్నీ తెచ్చి నా చేతుల్లో పెట్టారు. తల తుడుచుకుంటూ లోపలికెళ్లారు. రిసీవరు ఎత్తిన చప్పుడైంది. ఆ తరవాత చాలాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కొమురమ్మ, నేను షెడ్డు చూరు కింద నిలబడి ఎవరి బట్టలు వాళ్లకి వేరుచేస్తున్నాం.

"సోమవారమైతే నాకు వీలవుతుందండీ," అన్న మాట వినిపించింది లోపల్నించి.

కొమురమ్మ చేతులు ఆగాయి. మా ఆయన పంచెలు రెండు మడతపెట్టి నాకిచ్చి, తన బట్టలు తీసుకుని లోపలికెళ్లి, షెడ్డు రేకు తలుపు దగ్గరికి లాక్కుంది.